హిస్టరీ క్లియర్ చేశాక ఏం మిగులుతుంది: ఇంటి కంప్యూటర్ డైరీ

శనివారం మధ్యాహ్నం

మా ఇంటి డెస్క్‌టాప్ అక్కయ్య వాళ్లింటికి వెళ్తోంది. ఫార్మాట్ కొట్టి ఇచ్చేస్తే గొడవే లేదు. కానీ బావగారికి కావలసింది అందులో ఉన్న పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేరే. దాని సీడీ ఎప్పుడో పోయింది. లైసెన్సు, సెట్టింగులు నా యూజర్ ఖాతాకే ముడిపడి ఉన్నాయి కాబట్టి కొత్త ఖాతా తెరిచి పాతది తీసేసే దారి కూడా లేదు. అంటే విండోస్ అలాగే ఉండాలి, నా ఖాతా అలాగే ఉండాలి, నేను ఇన్నేళ్లూ ఏ సైట్లు చూశానో మాత్రం ఉండకూడదు. అందులో దాచుకోవాల్సిన రహస్యాలేమీ లేవు. అయినా నా బ్యాంకు పేరు, ఆరోగ్యం గురించి వెతికినవి, ఉద్యోగాల వేట, ఇవన్నీ ఇంకో ఇంట్లో అడ్రస్ బార్ కింద పడి కనిపించడం నాకిష్టం లేదు.

ఇలాంటి ఇబ్బంది లేనివాళ్లు ఈ తంటా ఏదీ పడొద్దు. విండోస్ 10లోనైనా 11లోనైనా సెట్టింగ్స్‌లో 'రీసెట్ దిస్ పీసీ'కి వెళ్లి, 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకుని, లోపల 'క్లీన్ డేటా' కూడా ఆన్ చేస్తే చాలు. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి అయిపోతుంది. ఇక ఈ డైరీ నాలా ఇరుక్కున్నవాళ్ల కోసం.

మెషిన్ పుట్టింది విండోస్ 7తో, తర్వాత 10కి మారింది. మధ్యలో ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని కొత్తరకం డిస్క్) వేయించి సీ డ్రైవ్‌ని దాని మీదకి మార్చాను. పాత హార్డ్ డిస్క్ తీసేయకుండా డీ డ్రైవ్‌గా లోపలే ఉంచాను. బ్రౌజర్లు క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, వాటితో పాటు ఒకప్పటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అవశేషాలు. మా అబ్బాయికి వేరే విండోస్ ఖాతా ఉంది. దాన్ని నేను ముట్టుకోను. వాడి హిస్టరీ వాడే తీసుకుంటాడు.

మొదలుపెట్టేముందు రెండు పనులు. బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డులు ఎక్స్‌పోర్ట్ చేసి పెన్ డ్రైవ్‌లోకి తీసుకున్నాను. పాస్‌వర్డుల ఫైలు మామూలు టెక్స్టే, ఎవరు తెరిచినా చదవచ్చు. అందుకే డెస్క్‌టాప్ మీద పెట్టకుండా నేరుగా పెన్ డ్రైవ్‌లోకే సేవ్ చేశాను. రెండోది, క్రోమ్‌లో సింక్ ఆపేశాను. సింక్ ఆన్‌లో ఉండగా హిస్టరీ తుడిస్తే అది గూగుల్ ఖాతాలోనూ పోతుంది, దాంతో ఫోన్‌లోనూ పోతుంది. నాకు ఫోన్‌లో హిస్టరీ కావాలి. ముందు సింక్ ఆపి తర్వాత తుడిస్తే ఈ మెషిన్‌లోది మాత్రమే పోతుంది.

శనివారం సాయంత్రం

అంతా పోయిందని ఎలా తెలుస్తుంది? క్లియర్ చేశాక హిస్టరీ పేజీ ఖాళీగా కనిపించడం సాక్ష్యం కాదు. అందుకే ఒక ఎర వేశాను. ఏ భాషలోనూ అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపు ఒకటి కల్పించి, అన్ని బ్రౌజర్లలోనూ దాన్ని గూగుల్‌లో వెతికాను, ఫలితాల్లో ఒకటి రెండు లింకులు తెరిచాను. ఇక ఆ మాట డిస్క్ మీద ఏయే ఫైళ్లలో చేరిందో చూస్తే దారి దొరుకుతుంది.

వెతకడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో ఉండే ఫైండ్‌ఎస్‌టీఆర్ అనే కమాండ్ చాలు. /ఎస్ తగిలిస్తే లోపలి ఫోల్డర్లన్నీ తిరుగుతుంది, /ఎం తగిలిస్తే ఫైలు పేర్లు మాత్రం చూపిస్తుంది. బ్రౌజర్ మూసేసి, ప్రోగ్రాంలు తమ డేటా దాచుకునే యాప్‌డేటా ఫోల్డర్ మీద వదిలాను. క్రోమ్ వైపు ముందుగా 'హిస్టరీ' అనే ఫైలు వచ్చింది, ఊహించిందే. దాని వెనకే 'ఫేవికాన్స్' వచ్చింది. సైటు పేరు పక్కన కనిపించే చిన్న బొమ్మల ఫైలు అది. ఏ బొమ్మ ఏ పేజీదో రాసిపెట్టుకోవాలి కాబట్టి పేజీ అడ్రసు మొత్తం అందులోనూ ఉంటుంది. 'సెషన్స్' ఫోల్డర్‌లో తెరిచిన ట్యాబుల జాబితా. 'నెట్‌వర్క్ యాక్షన్ ప్రిడిక్టర్' అనే ఫైల్లో నేను అడ్రస్ బార్‌లో కొట్టిన అక్షరాలు, వాటి తర్వాత ఎటు వెళ్లానో. ఒక అక్షరం కొట్టగానే పాత సైటు గబుక్కున ప్రత్యక్షమవుతుందే, ఆ పనికి వాడుకునే ఫైళ్లలో ఇదొకటి.

ఈ పద్ధతికి ఉన్న లోటు కూడా చెప్పాలి. ఫైండ్‌ఎస్‌టీఆర్ మామూలు అక్షరాలుగా రాసినదాన్నే పట్టుకుంటుంది. అక్షరానికి రెండేసి బైట్లు వాడే యూటీఎఫ్-16లో ఉన్నా, కంప్రెస్ చేసి ఉన్నా దాటిపోతుంది. ఫైర్‌ఫాక్స్ సెషన్ ఫైళ్లు కంప్రెస్ అయి ఉంటాయి, విండోస్ సొంత బ్రౌజింగ్ రికార్డు 'వెబ్‌క్యాష్' యూటీఎఫ్-16లో ఉంటుంది. అంటే ఇది 'దొరికింది' అంటే నమ్మొచ్చు, 'దొరకలేదు' అంటే నమ్మకూడదు.

శనివారం రాత్రి: క్రోమ్

క్రోమ్ ఏ ఫోల్డర్‌లో రాసుకుంటోందో వెతుక్కోనక్కర్లేదు. అడ్రస్ బార్‌లో క్రోమ్://వెర్షన్ అని కొడితే 'ప్రొఫైల్ పాత్' అన్న వరుసలో ఉంటుంది. అక్కడి 'హిస్టరీ' అనే ఫైలుకి ఎక్స్‌టెన్షన్ ఉండదు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి ముక్కే 'ఎస్‌క్యూలైట్ ఫార్మాట్ 3' అని కనిపిస్తుంది. అంటే అదొక డేటాబేస్. దాన్ని కాపీ చేసి, కాపీని 'డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్'లో తెరిచాను. అసలు ఫైలుని క్రోమ్ నడుస్తుండగా తెరిస్తే తాళం పడి ఉందంటుంది.

లోపల 'యూఆర్ఎల్స్' పట్టికలో అడ్రసులు, 'విజిట్స్' పట్టికలో ప్రతి రాకపోక. 'కీవర్డ్ సెర్చ్ టర్మ్స్' అనే పట్టికలో నేను వెతికిన మాటలు విడిగా ఉన్నాయి. సమయం గడిలో మాత్రం 13350000000000000 లాంటి సంఖ్యలు. క్రోమ్ లెక్క 1601 జనవరి 1 నుంచి మొదలవుతుంది, మైక్రోసెకన్లలో. పది లక్షలతో భాగించి 11644473600 తీసేస్తే 1970 నుంచి లెక్కించే మామూలు సెకన్లు వస్తాయి. పై సంఖ్యని అలా మారిస్తే 2024 జనవరి 17, గ్రీన్‌విచ్ కాలమానంలో రాత్రి 9:20. ఏ సైటుకి వెళ్లాను అన్నదే కాదు, అర్ధరాత్రి ఎన్నింటికి మేలుకుని చూశాను అన్నదీ తెలిసిపోతుంది. క్రోమ్ లోకల్ హిస్టరీ 90 రోజులే ఉంచుతుంది కాబట్టి నా పట్టికలో అంతకన్నా పాతవి లేవు. అది కాస్త ఊరట.

తర్వాత కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కి, 'ఆల్ టైమ్' ఎంచుకుని, హిస్టరీ, కుకీలు, క్యాష్ (సైట్ల తాత్కాలిక కాపీలు), ఆటోఫిల్ అన్నీ టిక్ పెట్టి కొట్టాను. డీఫాల్ట్‌గా చివరి గంటో, చివరి రోజో ఎంపికై ఉంటుంది. చాలామంది క్లియర్ చేశామనుకుని వదిలేసేది అక్కడే.

క్లియర్ అయ్యాక ఎర మాట మళ్లీ వెతికాను. హిస్టరీ ఫైలు చిన్నదైపోయింది, అందులో మాట లేదు. ఫేవికాన్స్‌లో లేదు, ప్రిడిక్టర్‌లో లేదు. సెషన్స్‌లో మాత్రం ఉంది, ఎందుకంటే క్లియర్ చేసేటప్పుడు ఆ ఫలితాల ట్యాబు తెరిచే ఉంచాను, తెరిచి ఉన్న ట్యాబు సంగతి రాసుకోవడం క్రోమ్ పని. ట్యాబు మూసి మళ్లీ క్లియర్ చేస్తే అదీ పోయింది. ఈ బటన్‌ని జనం తిట్టుకున్నంత పాపం దానిది కాదు.

అయితే ఆ బటన్ పరిధి ఒక ప్రొఫైల్ మాత్రమే. 'యూజర్ డేటా' ఫోల్డర్‌లో 'డిఫాల్ట్' పక్కనే 'ప్రొఫైల్ 2' అని ఇంకోటి కనిపించింది. ఆఫీసు మెయిల్ కోసం ఎప్పుడో పెట్టుకున్నది. దాన్ని ప్రొఫైల్ మెనూ నుంచి పూర్తిగా డిలీట్ చేశాను. 'స్నాప్‌షాట్స్' అని ఇంకో ఫోల్డర్ కూడా ఉంటుంది. క్రోమ్ పెద్ద అప్‌డేట్ తీసుకునేముందు, ఒకవేళ వెనక్కి రావాల్సి వస్తే అని ప్రొఫైల్ కాపీలు తీసి వెర్షన్ నంబరు పేరుతో పెట్టుకుంటుంది. లోపల హిస్టరీ కాపీ ఉండే అవకాశం ఉంది. క్రోమ్ పూర్తిగా మూసి ఆ నంబర్ల ఫోల్డర్లు తీసేశాను. పూర్తిగా మూయడం అంటే కిటికీ మూయడం కాదు, టాస్క్ మేనేజర్‌లో క్రోమ్ పేరు లేకుండా పోవాలి. బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే కిటికీ మూసినా లోపల నడుస్తూనే ఉంటుంది.

ఎడ్జ్ 2020 జనవరి నుంచి క్రోమ్‌కి మూలమైన క్రోమియం మీదే నడుస్తోంది. ఫోల్డర్లూ ఫైళ్లూ పేర్లతో సహా అవే. అదే మందు.

ఆదివారం పొద్దున: ఫైర్‌ఫాక్స్

క్రోమ్‌లో బుక్‌మార్క్‌లు వేరే ఫైల్లో ఉంటాయి కాబట్టి హిస్టరీ ఫైలుని నేరుగా డిలీట్ చేసినా నష్టం లేదు, క్రోమ్ కొత్తది చేసుకుంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఆ ధైర్యం వద్దు. హిస్టరీ, బుక్‌మార్క్‌లు రెండూ 'ప్లేసెస్.ఎస్‌క్యూలైట్' అనే ఒకే ఫైల్లో ఉంటాయి. ఎవరో చెప్పారని ఆ ఫైలు లేపేస్తే బుక్‌మార్క్‌లు కూడా దాంతో పాటే వెళ్తాయి. బ్రౌజర్ మెనూ నుంచే తుడవాలి. అక్కడ కూడా కాలవ్యవధిలో 'ఎవ్రీథింగ్' ఎంచుకోవాలి.

ఎస్‌క్యూలైట్ గురించి ఒక మాట. ఒక వరుస డిలీట్ చేస్తే అది ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టుకుంటుందంతే, అక్షరాలు అక్కడే ఉంటాయి, ఫైలు సైజు తగ్గదు. 'సెక్యూర్ డిలీట్' అనే ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఆ చోట సున్నాలు రాస్తుంది, 'వాక్యూమ్' కమాండ్ ఇస్తే ఫైలుని మొత్తం కొత్తగా కట్టి ఖాళీలు తీసేస్తుంది. ఫైర్‌ఫాక్స్ సెక్యూర్ డిలీట్ ఆన్ చేసే వస్తుంది. అయినా తుడిచాక ఒకసారి బ్రౌజర్ మూసి తెరిచాను. 'ప్లేసెస్' ఫైలు పక్కనే డబ్ల్యూఏఎల్ అనే తోకతో ఇంకో ఫైలు ఉంటుంది. కొత్త మార్పులు ముందు అందులో పడి, తర్వాత అసలు ఫైల్లోకి చేరతాయి. బ్రౌజర్ సవ్యంగా మూస్తే ఆ లెక్క సర్దుకుంటుంది.

ఎర మాట పోయింది. కానీ డెస్క్‌టాప్ మీద, నా కళ్లెదురుగా, 'ఓల్డ్ ఫైర్‌ఫాక్స్ డేటా' అనే ఫోల్డర్ ఉంది. ఫైర్‌ఫాక్స్ మొరాయించినప్పుడు 'రిఫ్రెష్' బటన్ నొక్కితే అది కొత్త ప్రొఫైల్ తెరిచి, పాత ప్రొఫైల్‌ని ఈ పేరుతో డెస్క్‌టాప్ మీద పెడుతుంది. లోపల పాత 'ప్లేసెస్.ఎస్‌క్యూలైట్', ఫారాల్లో నింపిన మాటలు దాచుకునే 'ఫారమ్‌హిస్టరీ.ఎస్‌క్యూలైట్', సేవ్ చేసిన లాగిన్లు, అన్నీ ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్‌లో ఎన్నిసార్లు క్లియర్ కొట్టినా దీని జోలికి రాదు. షిఫ్ట్ డిలీట్.

ఆదివారం మధ్యాహ్నం: విండోస్ సొంత డైరీ

అసలు ఈ ప్రాజెక్టులో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఇదే. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ (ఐఈ) 11కి 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ సెలవిచ్చింది. నేనైతే దాన్ని అంతకన్నా చాలా ముందే వదిలేశాను. అయినా యాప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, వెబ్‌క్యాష్ అనే దారిలో వెళ్తే 'వెబ్‌క్యాష్‌వీ01.డాట్' అనే బరువైన ఫైలు ఉంటుంది. ఐఈ 10 నుంచి హిస్టరీ, కుకీలు, క్యాష్ జాబితా అన్నీ ఇందులోనే. ఇది ఎస్‌క్యూలైట్ కాదు, మైక్రోసాఫ్ట్ సొంత ఈఎస్ఈ డేటాబేస్. నిర్‌సాఫ్ట్ వాళ్ల ఉచిత టూల్ 'ఈఎస్ఈ డేటాబేస్ వ్యూ'తో దాని కాపీని తెరిచి చూడొచ్చు.

చూశాను. వెబ్‌సైట్లు తక్కువే. 'ఫైల్:' అని మొదలయ్యే వరుసలు మాత్రం బోలెడు: నేను డబుల్ క్లిక్ చేసి తెరిచిన పీడీఎఫ్‌లు, ఫొటోలు, వర్డ్ ఫైళ్లు, పెన్ డ్రైవ్‌లోంచి తెరిచినవి కూడా. బ్రౌజర్‌తో సంబంధమే లేదు. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫైలు తెరిచినా ఐఈ హిస్టరీ యంత్రాంగం దాన్ని రాసుకుంటుంది. ఎప్పుడో డిలీట్ చేసిన జీతం స్లిప్పుల పేర్లు, తారీఖులతో సహా, అక్కడ వరుసగా ఉన్నాయి. ఫైలు పోయినా పేరు పోలేదు.

దీన్ని తుడవడానికి ముందు కంట్రోల్ ప్యానెల్‌లో 'ఇంటర్నెట్ ఆప్షన్స్' తెరిచి, 'డిలీట్' నొక్కాలి. వచ్చే పెట్టెలో మొదటి వరుస 'ప్రిజర్వ్ ఫేవరెట్స్ వెబ్‌సైట్ డేటా'కి ముందే టిక్ పెట్టి ఉంటుంది. అది తీయకపోతే ఫేవరెట్స్‌లో ఉన్న సైట్ల కుకీలు, తాత్కాలిక ఫైళ్లు మిగిలిపోతాయి. టిక్ తీసి, మిగతావన్నీ పెట్టి కొట్టాను.

ఫైలునే మార్చేయాలంటే నేరుగా కుదరదు. నా ఖాతాలో లాగిన్ అయి ఉన్నంతసేపు విండోస్ దాన్ని పట్టుకునే ఉంటుంది. అడ్మిన్ హక్కులున్న ఇంకో ఖాతా ఒకటి తాత్కాలికంగా తెరిచి, మెషిన్ రీస్టార్ట్ చేసి, నా ఖాతాలోకి వెళ్లకుండా నేరుగా దాంట్లోకి వెళ్లి, అక్కణ్ణించి నా వెబ్‌క్యాష్ ఫోల్డర్‌లోని ఫైళ్లు తీసేశాను. లాగ్ ఫైళ్లని కూడా కలిపే తీయాలి, సగం తీసి సగం ఉంచకూడదు. తర్వాత నా ఖాతాలోకి రాగానే విండోస్ కొత్త ఫైలు తయారు చేసుకుంది. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి చూశాను, ఇబ్బందేమీ లేదు.

ఆదివారం సాయంత్రం: డీ డ్రైవ్ తవ్వకాలు

పాత హార్డ్ డిస్క్‌లో విండోస్ 7 నాటి యూజర్స్ ఫోల్డర్ మొత్తం అలాగే ఉంది. ఎస్ఎస్‌డీకి మార్చినప్పుడు జరిగింది కాపీయే కదా, అసలుది ఉన్నచోటే ఉండిపోయింది. ఇక్కడే పాతకాలపు ఇండెక్స్.డాట్ ఫైళ్లు.

ఐఈ 9 వరకూ హిస్టరీ అంతా ఈ పేరుతోనే, కానీ ఒకే చోట కాదు: 'టెంపరరీ ఇంటర్నెట్ ఫైల్స్' కింద 'కంటెంట్.ఐఈ5'లో ఒకటి, 'హిస్టరీ.ఐఈ5'లో ఒకటి, కుకీల దగ్గర ఇంకోటి. ఎక్స్‌ప్లోరర్‌లో 'హిడెన్ ఫైల్స్' చూపించమన్నా ఇవి కనిపించవు. సిస్టమ్ ఫైళ్లని దాచే టిక్ కూడా తీయాలి. అంతకన్నా కమాండ్ ప్రాంప్ట్‌లో ఫైళ్ల జాబితా చూపే డీఐఆర్‌కి /ఏ, /ఎస్ తగిలించి పేరు ఇచ్చేయడం తేలిక. తెరమీద వరుసగా రాలాయి.

వాటిలో నాకు నచ్చినవి వారాల ఫోల్డర్లు. ఒకదాని పేరు 'ఎంఎస్‌హిస్ట్012014030320140310'. మొదట్లో చదవడానికే రాదు. విడగొడితే, ఎంఎస్‌హిస్ట్01, తర్వాత 2014 03 03, తర్వాత 2014 03 10. సోమవారం నుంచి సోమవారం దాకా ఒక వారం హిస్టరీ. లోపలి ఇండెక్స్.డాట్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి వరుసలో 'క్లయింట్ యూఆర్ఎల్‌క్యాష్ ఎంఎంఎఫ్ వెర్ 5.2' అన్న ముద్ర, దాని కింద చెత్త గుర్తుల మధ్య ఆ వారం చూసిన అడ్రసులు తేటగా చదవొచ్చు. క్రోమ్‌లోలా 90 రోజుల గడువేమీ ఇక్కడ పనిచేయలేదు. ఆ డిస్క్‌ని నడిపే విండోసే లేదు కాబట్టి, గడువు తీరినవాటిని తీసేసేవాళ్లూ లేరు.

ఫ్లాష్ ప్లేయర్ వాళ్ల '.ఎస్ఓఎల్' ఫైళ్లు కూడా తగిలాయి. 'మాక్రోమీడియా' ఫోల్డర్ కింద సైటు పేరుకో ఫోల్డర్ చొప్పున. ఫ్లాష్ 2020 డిసెంబర్ 31తో ముగిసిపోయింది. ఆ ఫోల్డర్లు మాత్రం పిల్లల గేమ్ సైట్ల పేర్లతో బోర్డులు తగిలించుకుని కూర్చున్నాయి.

ఇక్కడ తాళాలేమీ లేవు, పర్మిషన్ మాత్రం అడిగింది. ఓనర్‌షిప్ నా పేరు మీదకి మార్చుకుని, ఫొటోలు, డాక్యుమెంట్లు పక్కకి తీసి, ఆ యూజర్స్ ఫోల్డర్ మొత్తం తీసేశాను. ఒక్కో ఇండెక్స్.డాట్‌నీ ఏరడం అనవసరం.

మంగళవారం రాత్రి: డౌన్‌లోడ్స్ వగైరా

హిస్టరీ అంటే బ్రౌజర్ ఫోల్డర్లే అనుకుంటే డౌన్‌లోడ్స్ దాటిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్క్‌లో ఫైళ్లు అమర్చే పద్ధతి) డిస్క్ మీద క్రోమ్ దించిన ప్రతి ఫైలుకీ 'జోన్.ఐడెంటిఫైయర్' అనే కనిపించని తోక ఒకటి అతుక్కుంటుంది. డీఐఆర్‌కి /ఆర్ తగిలిస్తే బయటపడుతుంది. నోట్‌ప్యాడ్‌తో తెరిస్తే నాలుగు ముక్కలు: 'జోన్ ఐడీ = 3', అంటే ఇంటర్నెట్ నుంచి వచ్చింది అని. కింద 'రిఫరర్ యూఆర్ఎల్', 'హోస్ట్ యూఆర్ఎల్'. ఏ పేజీలో ఉండగా నొక్కానో, ఫైలు ఏ అడ్రసు నుంచి వచ్చిందో రెండూ. హిస్టరీ తుడిచినా ఇవి ఫైలుతోనే ఉంటాయి, ఫోల్డర్ మార్చినా వెంట వెళ్తాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్ కాని పెన్ డ్రైవ్‌లోకి వేస్తేనే రాలిపోతాయి.

విండోస్‌లోని ఇంకో కమాండ్ కిటికీ పవర్‌షెల్‌లో 'అన్‌బ్లాక్-ఫైల్' కమాండ్ ఈ తోకని తీసేస్తుంది. కానీ అన్నిటికీ గుడ్డిగా కొట్టొద్దు. తెలియని ప్రోగ్రాం నడపబోతే విండోస్ హెచ్చరించేదీ, వర్డ్ ఫైలు 'ప్రొటెక్టెడ్ వ్యూ'లో తెరుచుకునేదీ ఈ గుర్తు చూసే. నేను పీడీఎఫ్‌లకీ ఫొటోలకీ మాత్రం తీశాను. సెటప్ ఫైళ్లన్నీ డిలీట్ చేసేశాను, అక్కయ్య వాళ్లకి వాటితో పనిలేదు.

మిగతావి చకచకా అయిపోయాయి. టాస్క్‌బార్ మీద బ్రౌజర్ గుర్తుని రైట్ క్లిక్ చేస్తే వచ్చే 'మోస్ట్ విజిటెడ్' జాబితా, 'రీసెంట్' ఫోల్డర్: పర్సనలైజేషన్‌లో ఇటీవల తెరిచినవి చూపించే ఆప్షన్ ఆపితే జాబితా ఖాళీ. ప్రైవసీలో 'యాక్టివిటీ హిస్టరీ' క్లియర్. సైట్ల పేర్లకి నంబరు అడ్రసులు గుర్తుపెట్టుకునే డీఎన్‌ఎస్ క్యాష్‌కి ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్‌ఎస్, అది రీస్టార్ట్ చేస్తే ఎలాగూ పోతుంది. రిజిస్ట్రీ క్లీనర్లూ, 'ఒక్క క్లిక్‌తో అన్నీ మాయం' అనే ఉచిత సాఫ్ట్‌వేర్లూ వేయలేదు. వాటిని మళ్లీ తుడవడానికి ఇంకో ఆదివారం కావాలి.

శుక్రవారం: డిలీట్ చేసినవాటి మీద మట్టి

రికవరీ సాఫ్ట్‌వేర్ ఒకటి డీ డ్రైవ్ మీద నడిపితే తీసేసిన ఇండెక్స్.డాట్‌లు చాలావరకు పేర్లతో సహా తిరిగొచ్చాయి. హార్డ్ డిస్క్‌లో డిలీట్ అంటే అంతే మరి. సైఫర్ కమాండ్‌కి /డబ్ల్యూ తగిలించి డీ డ్రైవ్ పేరు ఇచ్చాను. ఉన్న ఫైళ్లని ముట్టుకోకుండా ఖాళీ జాగా మీద మాత్రం మూడు విడతలు రాస్తుంది: మొదట అన్నీ సున్నాలు, తర్వాత ఎఫ్ఎఫ్ (అన్నీ ఒకట్లు), చివర అడ్డదిడ్డం సంఖ్యలు. రాసేటప్పుడు 'ఈఎఫ్ఎస్‌టీఎంపీడబ్ల్యూపీ' అనే వింత ఫోల్డర్ కనిపించి, డిస్క్ నిండిపోయినట్టు చూపిస్తుంది. టెన్షన్ పడక్కర్లేదు, అయ్యాక అదే పోతుంది. రాత్రి పెట్టిన పని పొద్దున్నకీ సాగుతూనే ఉంది. అయ్యాక అదే రికవరీ సాఫ్ట్‌వేర్ మళ్లీ నడిపితే, దొరికిన కొద్ది ఫైళ్లూ తెరిస్తే లోపల చెత్తే.

సీ డ్రైవ్ ఎస్ఎస్‌డీ కాబట్టి అక్కడ సైఫర్ వాడలేదు. ఎఫ్ఎస్‌యూటిల్ కమాండ్‌తో 'డిజేబుల్ డిలీట్ నోటిఫై' విలువ అడిగాను, ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి 0 అని వచ్చింది. అంటే ట్రిమ్ ఆన్‌లో ఉంది, డిలీట్ చేసిన జాగాని డిస్కే ఖాళీ చేసుకుంటుంది. ఒకసారి 'ఆప్టిమైజ్' నొక్కి ఊరుకున్నాను. ఎస్ఎస్‌డీ మీద పదేపదే రాయడం అరుగుదలే తప్ప గ్యారంటీ కాదు.

ఆఖరున రిస్టోర్ పాయింట్లు, అంటే విండోస్ పాత స్థితికి వెళ్లడానికి దాచుకునే కాపీలు. పాత ఫైళ్ల నీడలు వాటిలో ఉండొచ్చు. అన్నీ సవ్యంగా నడుస్తున్నాయని చూసుకున్నాకే 'సిస్టమ్ ప్రొటెక్షన్'లోంచి పాతవి తీసేసి, కొత్తది ఒకటి పెట్టాను. ఈ వరుస తిప్పకూడదు. మధ్యలో ఏదైనా చెడితే వెనక్కి రావడానికి ఉన్నది అవే.

కావాలని వదిలేసినవి కొన్ని. పవర్ ఆపినప్పుడు మెమరీని దాచే హైబర్నేషన్ ఫైలుని పవర్‌సీఎఫ్‌జీతో ఆపేశాను గానీ, మెమరీ చాలనప్పుడు విండోస్ వాడుకునే పేజ్‌ఫైల్ జోలికి వెళ్లలేదు. రోజువారీ వాడకంలో అది తిరగరాసుకుంటుంది, దానికోసం ఇంకో ఇంట్లో ఎవరూ కూర్చోరు. క్రోమ్‌లో 'ట్రాన్స్‌పోర్ట్ సెక్యూరిటీ' ఫైలు అలాగే ఉన్నా సైట్ల పేర్లు హ్యాష్ (వెనక్కి చదవలేని గుర్తు) రూపంలో ఉంటాయి కాబట్టి చూసినవాళ్లకి నేరుగా అర్థం కాదు. మా రౌటర్‌లోనూ ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ల దగ్గరా ఉండే లాగ్‌లు ఈ మెషిన్‌తో పోయేవి కావు, ఈ మెషిన్‌తో వెళ్లేవీ కావు. గూగుల్ ఖాతాలోని 'మై యాక్టివిటీ' నా ఫోన్ నుంచి ఎప్పుడైనా చూసుకోవచ్చు.

తాత్కాలిక అడ్మిన్ ఖాతా తీసేశాను. నా ఖాతా పేరు బావగారి పేరుగా మార్చాను, పాస్‌వర్డ్ కొత్తది. యూజర్స్ కింద ఫోల్డర్ పేరు మాత్రం నాదే ఉంటుంది, దాన్ని మారిస్తే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ దారి తప్పుతుంది. ఆ సంగతి బావగారికి ఫోన్‌లో చెప్పేశాను.